జబ్బ మీది కాపలా

మూడో తరగతి పిల్లలకు గుణకారం చెబుతూ బోర్డు మీద ఏడు రాశాను. ఆ ఏడు పక్కన ఏం రాయాలో తెలియలేదు. చాక్‌పీసు చేతిలోనే ఉంది. పిల్లలు ఏదో అడుగుతున్నారు, ఆ మాటలు పక్క గదిలోంచి వస్తున్నట్లు వినిపిస్తున్నాయి. చెమటకు జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. కూర్చుందామని వెనక్కి చెయ్యి చాపాను. కుర్చీ నేను అనుకున్న చోట లేదు.

తర్వాత నాకు గుర్తున్నది ఆసుపత్రి మంచం, చేతికి సూది, పక్కన స్టూలు మీద మా ఆయన. బెంగళూరు శివార్లలో, జిగణిలో ఉన్న ఫ్యాక్టరీ నుంచి నీలం యూనిఫారం మీదే వచ్చేశాడు. నేను కళ్ళు తెరవగానే ఆయన అడిగిన మొదటి మాట, "పొద్దున ఇన్సులిన్ ఎంత వేసుకుంటివి?"

నాకు షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. మొదట మాత్రలు, ఆ తర్వాత ఇన్సులిన్. ఆ రోజు ఇన్సులిన్ వేసుకుని, టిఫిను బడికి పోయాక తిందాంలే అని డబ్బా బ్యాగులో పెట్టుకున్నాను. బడిలో ఒక టీచరు రాలేదని ఆమె క్లాసు కూడా నాకే అంటగట్టారు. డబ్బా తెరవనే లేదు. జరిగింది అంతే. మా ఆయనకు మాత్రం అది అంతటితో పోలేదు. ఆయన ప్లాస్టిక్ సామాను పోతపోసే ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ చూసుకుంటాడు. ఏ యంత్రం ఎంత వేడెక్కింది, ఏ యంత్రంలో ఒత్తిడి ఎంత అని అక్కడ గోడ మీద తెరల్లో కనబడుతూనే ఉంటుంది. ఎక్కడ ఎర్రగా వెలిగితే అక్కడికి పరుగెత్తడం ఆయన ఉద్యోగం. పెళ్ళాం బడిలో పడిపోతే, ఆ సంగతి ఎవరో ఫోను చేసి చెప్పేదాకా తనకు తెలియకపోవడం ఆయనకు మింగుడు పడలేదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే. ఆయన కంగారు పడటానికి నేను తప్ప ఇంకెవరూ లేరు.

అందుకే డాక్టరమ్మ ఆ బిళ్ళ గురించి చెప్పినప్పుడు నాకంటే ముందు ఆయన తలూపాడు.

చూడటానికి పది రూపాయల బిళ్ళంత ఉంటుంది, తెల్లగా. జబ్బ వెనక, కండ ఉన్న చోట అంటించుకోవాలి. డబ్బీలాంటి దాన్ని చర్మానికి ఆనించి నొక్కితే టప్‌మంటుంది. వెంట్రుకంత సన్నటి తీగ ఒకటి లోపలికి దిగుతుంది, బిళ్ళ పైన ఉండిపోతుంది. రెండు వారాలు దాన్ని అట్లాగే ఉంచుకోవాలి. స్నానం చేసినా, వంట చేసినా, పడుకున్నా. ఒంట్లో షుగర్ ఎంతుందో అది ఫోనుకు చెబుతూనే ఉంటుంది. అంకె పక్కన ఒక బాణం గుర్తు. బాణం పైకి చూస్తుంటే షుగర్ ఎక్కుతున్నట్లు, కిందికి చూస్తుంటే దిగుతున్నట్లు.

"ఇంకొకరి ఫోనులో కూడా చూడొచ్చునా?" అని అడిగాడు మా ఆయన.

"చూడొచ్చు. చాలామంది ఇంట్లోవాళ్ళు పెట్టుకుంటారు," అంది డాక్టరమ్మ.

ఆ ప్రశ్న ముందు నన్ను అడగాల్సింది కదా అని నాకు అప్పుడు తట్టలేదు. నిజం చెప్పాలంటే సంతోషంగానే ఉండింది. అంతవరకూ రోజూ వేలు పొడుచుకుని నెత్తురు బొట్టు తీసి చూసుకునేదాన్ని. వేలి కొసలు కాయలు కాసి, నల్ల చుక్కలు పడి, పట్టుచీర ముట్టుకుంటే పోగులు పట్టుకునేంత గరుకైపోయాయి. ఆ పొడుచుకోవడం పోయింది. మొదటి వారం ఆ ఫోను నాకు ఆటవస్తువే. ఉప్మాకు ఎంత ఎక్కుతుంది, జొన్నరొట్టెకు ఎంత, రాగిసంగటికి ఎంత అని చూసుకునేదాన్ని. జామకాయ తింటే అంకె పెద్దగా కదలదని తెలిశాక, బడి నుంచి వస్తూ రోజూ జామకాయలు కొనుక్కొచ్చాను.

పిల్లలు రెండో రోజే కనిపెట్టారు. "మిస్, మీకు చార్జింగ్ దాంట్లోనే పెడతారా?" అని ఒక పాప అడిగింది. అవును, ఇంటికి పోయాక ఫ్రిజ్ పక్కన ప్లగ్గుకు తగిలిస్తారని చెప్పాను. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. పిల్లల దగ్గర బాగానే ఉండింది. పెద్దవాళ్ళతోనే ఇబ్బంది. మేముండేది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంటు. అక్కడ లిఫ్టులో ఒకామె నా జబ్బను చూసి, చూడనట్లు తల తిప్పుకుని, మళ్ళీ చూసి, "తగ్గిపోయేదే కదండీ?" అని మెల్లగా అడిగింది. ఆ వారమే టైలరు దగ్గరికి పోయి జాకెట్ల చేతులన్నీ మోచేతి దాకా పెట్టమన్నాను. ఎండాకాలంలో ఇదేం ఫ్యాషనమ్మా అని అతను నవ్వాడు.

ఒక రోజు స్టాఫ్‌రూములోకి కన్నడ టీచరు ఓళిగలు, అంటే మన బొబ్బట్లు తెచ్చింది, కోడలి సీమంతానికి చేసినవి. డబ్బా మూత తీయగానే గదంతా నెయ్యి వాసన. నేను సగం తుంచుకున్నాను. మధ్యాహ్నం అన్నం తగ్గించుకుంటే సరిపోతుందని చూసుకునే తుంచుకున్నాను. ఇన్నేళ్ళ జబ్బుతో ఆ మాత్రం సర్దుకోవడం నాకు తెలుసు. తర్వాతి పీరియడు మధ్యలో ఉండగా ఫోను మోగింది.

"బాణం నిట్టనిలువుగా పోతాంది. ఏం తింటివి?"

పిల్లలు నా వైపే చూస్తున్నారు. వరండాలోకి వచ్చాను.

"ఏం లేదు."

"ఏం లేకుండా ఉన్నట్టుండి అంత ఎట్ల ఎక్కుతాది?"

"క్లాసులో ఉన్నాను. తర్వాత మాట్లాడతా."

"సరేలే. నీళ్ళు తాగు. వరండాలోనే నాలుగడుగులు నడువు."

ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు ఇంకా కష్టమనిపించింది. కోపంగా అడిగుంటే నేనూ కోపంగా చెప్పేదాన్ని. పాడైన యంత్రం దగ్గర నిలబడ్డ పనివాడికి చెప్పినట్లు నిదానంగా, ఓపికగా చెప్పాడు. యాభైకి దగ్గర పడినదాన్ని, నోట్లో ఇంకా యాలకుల వాసన ఉండగా, బడి వరండాలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడిచాను. కిటికీలోంచి పిల్లలు చూస్తున్నారు.

ఆ రోజు నుంచి కంచంలో తిండి కనబడటం మానేసింది. అన్నం చూస్తే ఫోనులో అంకెల గీత, మామిడిపండు చూస్తే గీత. ఆ గీత ఎట్లా లేస్తుంది, అది లేచేటప్పటికి ఆయన ఎక్కడుంటాడు, మీటింగులోనా, క్యాంటీనులోనా, ఫోను చూసుకునే తీరిక ఉంటుందా ఉండదా అనే ఆలోచన. తినకపోతే ఏ గొడవా లేదనుకుంటే అదీ కుదరలేదు. ఒకసారి ఒక పిల్లాడి తండ్రి అందరి ముందూ నన్ను చిన్నబుచ్చి మాట్లాడాడు. మార్కులు తక్కువేశానట. నేను లోపల్లోపలే ఉడికిపోయాను. అంకె ఎక్కింది. కోపానికి కూడా ఎక్కుతుందని అప్పటిదాకా నాకే తెలియదు. ఫోను మోగింది. తినలేదంటే ఆయన నమ్మలేదు. ఆ అవమానం ఎవరికీ చెప్పకుండా నాలోనే దాచుకుని మర్చిపోదామనుకున్నాను. సాయంత్రం అదంతా ఆయన ముందు చెప్పుకోవాల్సి వచ్చింది, నేను ఏమీ తినలేదని నమ్మించడానికి.

"అట్లయితే సరే," అన్నాడు ఆయన, తెరిపిన పడినట్లు.

అగర చెరువు గట్టు మీద సాయంత్రాలు ఒంటరిగా నడవడం నాకు మొదటి నుంచీ అలవాటు. పిల్లల గోల విన్న చెవులకు ఆ నడక కావాలి. ఒక సాయంత్రం సగం గట్టు తిరిగేసరికి ఫోను.

"కిందికి పోతాంది. ఎక్కడుండావు? కూర్చో."

కూర్చున్నాను. నిజానికి నాకు ఒంట్లో బాగానే ఉంది, అంకె కూడా ప్రమాదమేమీ కాదు. అయినా బెంచీ మీద కూర్చుని బ్యాగులోంచి బిస్కెట్టు తీసి తిన్నాను. నీళ్ళ మీద పక్షులున్నాయి. వాటి వైపు చూడటం మర్చిపోయి అంకె పెరిగిందా లేదా అని చూస్తున్నాను. ఆయన్ను ఏమనాలి? ఆయన చూసినదానికంటే ఎక్కువసార్లు నేనే చూసుకుంటున్నాను. వంట చేస్తూ, నోటుపుస్తకాలు దిద్దుతూ, పళ్ళు తోముకుంటూ. పక్కవాళ్ళు మాట్లాడుతుంటే బల్ల కింద ఫోను వెలిగించి చూసుకునేదాన్ని. మంచి అంకె వస్తే ఆ పూటకు నేను మంచిదాన్ని. చెడ్డ అంకె వస్తే ఎవరికో అన్యాయం చేసినట్లు కుంగిపోయేదాన్ని.

ఒక రెండో శనివారం బడికి సెలవు. ఆయన ఫ్యాక్టరీకి పోయాడు. మధ్యాహ్నం భోంచేసి, ఫోను వంటింట్లో చార్జింగ్‌కు పెట్టి, పడకగది తలుపు మూసుకుని పడుకున్నాను. చాలా రోజుల తర్వాత ఒళ్ళెరగని నిద్ర పట్టింది. ఆ నిద్రలోకి దబదబమని శబ్దం. ముందు పక్క ఫ్లాటులో ఏదో కొడుతున్నారనుకున్నాను. తర్వాత నా పేరు వినబడింది.

తలుపు తీస్తే గడప అవతల సెక్యూరిటీ అతను, ఇనుప కడ్డీ పట్టుకున్న ప్లంబరు, వాళ్ళిద్దరి మధ్యలో కింది అంతస్తులో ఉండే పెద్దావిడ. వాళ్ళది పాత బెంగళూరు పేటలో తరతరాలుగా పట్టు నేసిన తెలుగు కుటుంబం. కొడుకు ఇక్కడ ఇల్లు తీసుకుంటే ఆమె కూడా వచ్చింది. ఆమె నా రెండు భుజాలూ పట్టుకుని కిందికీ పైకీ చూసింది.

"బాగుండావా అమ్మా? మీ యజమాన్రు ఫోను మీద ఫోను చేస్తా ఉండాడు. నువ్వు తెలివి తప్పి పడిపోయుండావంట. తలుపు పగలగొట్టమని చెప్పినాడప్పా!"

"పడిపోలేదమ్మా. నిద్రపోయాను."

"నిద్రపోతే కూడా పడిపోయినట్టే చూపిస్తాదా అది?"

వంటింట్లోకి పరుగెత్తాను. ఫోను నిండా ఆయన పిలుపులే. అంకె నిజంగానే పాతాళానికి పడిపోయి, ఇప్పుడు మెల్లగా పైకి వస్తోంది. వేలు పొడిచి నెత్తురు చూసుకుంటే అంతా మామూలుగా ఉంది. ఎడమ పక్కకు తిరిగి, బిళ్ళ మీదే ఒరిగి పడుకున్నాను. అట్లా నొక్కుకుపోతే అది అబద్ధం చెబుతుందని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ప్లంబరు కడ్డీని వీపు వెనక పెట్టుకుని, "ఏం పర్వాలేదు మేడమ్," అంటూ మెట్లు దిగిపోయాడు. నాకు తల కొట్టేసినట్లయింది. నలిగిన నైటీ, విడిపోయిన జుట్టు, జబ్బ మీద ఆ బిళ్ళ, అన్నీ అందరూ చూశారు.

ఆయన వచ్చేలోపల ఏమేం అనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. నేను మనిషినా, మీ ఫ్యాక్టరీలో యంత్రాన్నా అని అడగాలి. నిద్ర కూడా మీకు చెప్పి పోవాల్నా అని అడగాలి. మెట్ల మీద బూట్ల శబ్దం వినిపించింది. లిఫ్టు కోసం కూడా ఆగలేదు. మా గుమ్మం ముందు నన్ను నిలబడి ఉండగా చూసి, ఇంట్లోకి రాకుండా అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. నీళ్ళ సీసా ఇస్తే మూత తిప్పలేకపోయాడు. జిగణి నుంచి ఆ ట్రాఫిక్‌లో ఎట్లా నడిపాడో, దారి పొడుగునా ఏమేం ఊహించుకున్నాడో.

మూత నేనే తిప్పి ఇచ్చాను. సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ అనలేదు. ఆయన దుర్మార్గుడైతే ఎదురు తిరిగేదాన్ని. ఇట్లా కూలబడిన మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు చోటు మిగల్లేదు.

కొన్నాళ్ళకు బిళ్ళ మార్చుకునే రోజు వచ్చింది. కొత్త పెట్టె ఆయనే తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు అన్నాను.

"పెట్టుకుంటాను. మీ ఫోనులోంచి మాత్రం తీసేయండి."

"పడిపోతే?"

"నా ఫోను నాకు చెబుతుంది."

"ఆ పొద్దు చెప్పెనా? నువ్వు నిద్రపోతాంటివి."

"ఆ రోజు నాకేమీ కాలేదు కదా!"

"కాలేదని నాకెట్ల తెలియాల?"

నాకు కోపం వచ్చి, "మీరు ఒక్కసారి పెట్టుకుని చూడండి, ఎట్లుంటుందో తెలుస్తుంది," అన్నాను.

"ఏముండాది దాంట్లో? పెట్టుకుంటే పోలా?" అన్నాడు ఆయన. అల్మారాలో ఇంకొక బిళ్ళ ఉంటే తెమ్మని, అప్పటికప్పుడు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆయనకు జ్వరం వచ్చి పడుకోవడం కూడా నేను పెద్దగా చూడలేదు. జబ్బు అనేది ఇతరులకు వచ్చేదని ఆయన నమ్మకం. నేనే నొక్కాను. టప్‌మంది. "అబ్బ" అన్నాడు. ఆయన అంకె నా ఫోనులోకి కూడా వచ్చేట్లు తనే పెట్టి ఇచ్చాడు. నాది తన దగ్గర ఉన్నప్పుడు తనది నా దగ్గర ఉండాలి కదా అని. ఆయన ఎప్పుడూ న్యాయమైన మనిషే.

మరునాడు మధ్యాహ్నం స్టాఫ్‌రూములో డబ్బా తెరుస్తూ ఫోను చూశాను. ఆయన అంకె రెండువందల నలభై దాటి ఉంది. ఇన్నేళ్ళుగా అట్లాంటి అంకె నాది తప్ప ఇంకొకరిది చూడలేదు. పొరపాటున నాది చూస్తున్నానేమోనని రెండుసార్లు సరిచూసుకున్నాను. మొదట నాకు నవ్వొచ్చింది. బాగా అయింది అనిపించింది. ఆ నవ్వు ఒక ముద్ద మింగే లోపలే పోయింది. చెయ్యి డబ్బా దగ్గరే ఆగిపోయింది.

సాయంత్రం ఆయన వస్తూనే, "ఇది చెడిపోయిండాది," అన్నాడు. నా పాత మిషనుతో వేలు పొడిచి చూశాం. అదీ అంతే చూపించింది. చెయ్యి కడుక్కొచ్చి ఇంకో వేలు ఇచ్చాడు. అదీ అంతే. మూడో వేలు ఇవ్వబోయి, ఇవ్వకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టీవీ పెట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. ఆ రోజు ఏ కార్యక్రమం వస్తోందని అడిగుంటే చెప్పలేకపోయేవాడు.

ఆ తర్వాతి రోజుల్లో నేను చేసిన పని నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. మధ్యాహ్నం కాగానే ఆయన అంకె కోసం ఫోను తీసేదాన్ని. ఒక రోజు బాణం లేవడం చూసి వెంటనే ఫోను చేశాను.

"పైకి పోతోంది. ఏం తిన్నారు?"

"ఏం లేదు."

"ఏం లేకుండా ఎట్లా ఎక్కుతుంది? నీళ్ళు తాగండి. నాలుగడుగులు నడవండి."

ఫోను పెట్టేశాక, పక్కన నోటుపుస్తకాలు దిద్దుతున్న కన్నడ టీచరు తలెత్తి నా వైపు చూసింది. నా గొంతులో కోపం లేదు. నిదానంగా, ఓపికగా చెప్పాను. ఆయన ఏ క్యాంటీను మూలలో నిలబడి ఆ మాట విన్నాడో, చుట్టూ ఎవరున్నారో. మళ్ళీ చేయకూడదనుకున్నాను. మరునాడు మళ్ళీ చేశాను. చేతిలో ఆ అంకె ఉంటే చేయకుండా ఉండటం కుదరదని అప్పుడు తెలిసింది. ఆయనకూ కుదరలేదేమో అంతకాలం.

ఇంట్లో ఆయన మారిపోయాడు. కంచం ముందు కూర్చుని ముందు ఫోను చూసేవాడు. రెండోసారి అన్నం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. సాయంత్రం రాగానే మూడు చెంచాల చక్కెర వేసిన టీ తాగకుండా బూట్లు కూడా విప్పని మనిషి, "టీ వద్దులే," అన్నాడు. నేను స్టవ్వు మీద గిన్నె అట్లాగే దించేశాను. నాకు ఎట్లా ఉందో ఆయనకు తెలియాలని కోరుకున్నాను గానీ, ఆయన టీ ఆగిపోవాలని కోరుకోలేదు.

ఒక మధ్యాహ్నం నా ఫోనులో ఆయన అంకె మాయమైంది. గీత ఒక చోట తెగిపోయి ఉంది. సిగ్నల్ లేదేమో అనుకుని కాసేపు ఆగాను. ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. చివరికి ఫ్యాక్టరీ గేటుకు చేస్తే, "సార్ లోపలే ఉన్నారు మేడమ్, ఇప్పుడే చూశాను. పిలవమంటారా?" అన్నాడు అక్కడి మనిషి. వద్దన్నాను. ఫోను పెట్టేసి ఆ తెగిన గీతనే మళ్ళీ చూశాను.

సాయంత్రం ఆయన చొక్కా చేతులు కిందిదాకా దించుకుని వచ్చాడు. "తలుపు చట్రానికి తగిలి ఊడిపోయింది," అన్నాడు. నాదీ ఒకసారి అట్లాగే ఊడింది. గీరుకుపోయి తోలు లేచి వారం రోజులు మంట పుట్టింది. స్నానం చేసి వచ్చినప్పుడు చూశాను, ఆయన జబ్బ మీద గీరుకున్న మచ్చ కూడా లేదు. జిగురు అంటిన గుండ్రటి గుర్తు మాత్రం ఉంది. ఆ రోజు ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

డాక్టరమ్మ దగ్గరికి పోదామని ఎట్లా మొదలుపెట్టాలా అని నేను తంటాలు పడుతుంటే, ఒక ఆదివారం ఆయనే అన్నాడు, "రేపు సెలవు పెట్టినా. నీతో పాటు నేనూ చూపించుకుంటా." నెత్తురు పరీక్షలు చేసి, ఆయనకు కూడా షుగర్ ఉందని తేల్చింది డాక్టరమ్మ. ఇంకా మొదట్లోనే ఉంది కాబట్టి మాత్రలతో, తిండితో అదుపులో పెట్టుకోవచ్చంది. "మీకు కూడా కొన్నాళ్ళు సెన్సర్ పెట్టి చూద్దామా?" అని అడిగింది. ఆమె మాట పూర్తికాకముందే, "వద్దు," అన్నాడు ఆయన. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తిరిగి వస్తూ సిగ్నల్ దగ్గర ఆగిపోయాం. ముందూ వెనకా కదలని బండ్లు. ఆయన స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ మాట్లాడాడు.

"ఏమ్మే, అది ఉన్నన్ని దినాలు క్యాంటీన్‌లో ఎవురితోనూ కూర్చోని తినలేకపోతి. ముద్ద ఎత్తితే నువ్వు చూస్తాండావనిపిస్తాది. నువ్వు చూడకపోయినా సరే."

"నాకు తెలుసు."

"ఊడిపోలేదు అది. నేనే పీకేసినా."

"అదీ తెలుసు."

వెనక బండివాడు హారను కొట్టాడు. మా ముందు రెండడుగుల జాగా ఖాళీ అయింది. ఆయన బండిని ఆ రెండడుగులూ కదిపి మళ్ళీ ఆపాడు. జేబులోంచి ఫోను తీసి నా ఒళ్ళో పెట్టాడు. "నీది తీసేయి," అన్నాడు. నేను ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్న మాట. తీసేశాను. ఎంతసేపూ పట్టలేదు, రెండుసార్లు వేలు పెడితే పోయింది.

పోయిందనుకున్నంత తేలికగా పోలేదు. ఆ వారం బడిలో ఫోను ఒక్కసారీ మోగలేదు. ఎవరి పుట్టినరోజుదో చాక్లెట్టు ముక్క తిన్నాను, ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాత ఒక రోజు చెరువు గట్టు మీద నడుస్తుండగా నిజంగానే షుగర్ పడిపోయింది. అలారం మోగింది, కళ్ళ ముందు చుక్కలు తేలాయి. బిస్కెట్లు తిన్నాను, బ్యాగులో ఉన్న జ్యూసు తాగాను, గట్టు మీద కూర్చుండిపోయాను. జనం పక్క నుంచి నడిచిపోతున్నారు. ఎవరూ చూడలేదు, ఎవరికీ తెలియదు. అదే కదా నాకు కావాల్సింది. అయినా ఒళ్ళో ఉన్న ఫోనుకు ఆయన పిలుపు వస్తే బాగుండునని ఎదురుచూశాను. అది రాలేదు. ఇంటికి పోయాక ఆయనకు చెప్పాను. తర్వాత ఇద్దరం కూర్చుని, బాగా కిందికి పడిపోయినప్పుడు మాత్రమే ఆయన ఫోను మోగేట్లు, మిగతా అంకెలేవీ కనబడకుండా పెట్టుకున్నాం. ఇప్పటికీ అట్లాగే ఉంది. ఏ వేళ ఏం తిన్నానో ఆయన అడగడు. మాత్రలు వేసుకున్నాడా లేదా అని నేను అడగను. అడగాలనిపించినప్పుడు ఇద్దరమూ ఇంకేదో మాట్లాడతాం. అది ఇద్దరికీ తెలిసిపోతూనే ఉంటుంది.

ఆయన తనది పీకేశాడు, మాత్రలతో బండి నడుస్తోంది. నాకు ఆ వీలు లేదు. ఇన్సులిన్ వేసుకునేదాన్ని, ఇది లేకుండా క్లాసులో ధైర్యంగా నిలబడలేను. ఇన్ని మాటలు అనుకున్నా, రెండు వారాలు కాగానే నా చేతులతో నేనే కొత్తది అంటించుకుంటాను.

అంటించుకున్నాక గంటసేపు అది ఏమీ చెప్పదు. లోపల కుదురుకోవడానికి దానికి ఆ మాత్రం సమయం కావాలట. పోయిన ఆదివారం పొద్దున కొత్తది పెట్టుకుని, ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.

"అట్ల నడిచొద్దాం పా, ఎండెక్కకముందే," అన్నాడు ఆయన చెప్పులేసుకుంటూ.

"అంకె రానీండి."

"వచ్చేకి ఇంకా శానా సేపుండాది. పొద్దున వేలు పొడిచి చూసుకుంటివి కదా. అది ఊరికే ఉండేది ఈ గంటే. రా."

ఆ మాటకు లేచాను. ఫోను బల్ల మీదే వదిలేసి, తాళం వేసుకుని దిగాం. ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన ఫ్యాక్టరీలో కొత్తగా దించిన యంత్రం గురించి చెబుతున్నాడు. అది మా వీధంత పొడవుందట. ఊఁ కొడుతున్నాను. రెండో క్రాసు రోడ్డు దాకా బాగానే ఉండింది. అక్కడికి వచ్చేసరికి ఆయన చెప్పేది చెవికి ఎక్కడం మానేసింది. నా కాళ్ళలో నిజంగా నీరసం ఉందా, ఉందని నేను అనుకుంటున్నానా తెలియలేదు. తెలుసుకోవడానికి చేతిలో ఏమీ లేదు.

"ఒక్క నిమిషం, ఫోను తెచ్చుకుంటా," అన్నాను.

ఆయన వద్దనలేదు. "నిదానంగా పో. ఇక్కడే ఉంటా," అని ఎళనీరు అమ్మే కొబ్బరిబోండాల బండి పక్కన నీడలో నిలబడ్డాడు. నేను వెనక్కి తిరిగి ఇంటి వైపు నడిచాను. తాళం తీసి, లోపలికి పోయి ఫోను వెలిగించాను. ఇంకా అంకె రాలేదు. ఎంతసేపు ఆగాలో మాత్రం చూపిస్తోంది. దాన్ని చేతిలో పట్టుకుని, మళ్ళీ తాళం వేసి, ఆయన నిలబడ్డ చోటికి బయల్దేరాను.